దురద తగ్గితే తామర తగ్గినట్టేనా?

నాట్ల రోజులొచ్చాయంటే మన ఆడకూలీల కాళ్లు తెల్లవారింది మొదలు బురదలోనే. పొద్దువాలి గట్టెక్కేసరికి వేళ్ల సందులు నాని, తెల్లగా పాచిపోయి మండుతుంటాయి. చెమటకు తడిసిన బట్టలే రోజంతా ఒంటిమీద ఉంటాయి గనుక గజ్జల్లో, నడుము చుట్టూ ఎర్రటి గుండ్రటి మచ్చలు లేస్తాయి. అంచు పొంగి ఉంటుంది, నడుమ మానినట్టు కనిపిస్తుంది. అదే తామర. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. చెమటా తడీ తప్పని పనిలో ఉన్నవాళ్లను ఇది తేలిగ్గా పట్టుకుంటుంది.

ఆసుపత్రికి పోవాలంటే ఆ రోజు కూలి పోతుంది. అందుకని సాయంత్రం మందుల షాపు ముందు నిలబడి, "బాబూ, దురదకి మంచి ట్యూబు ఒకటి ఇయ్యి" అంటారు. చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది.

తామర పురుగు వల్ల వస్తుందని చాలామంది అనుకుంటారు. అది పురుగు కాదు, ఒక రకం బూజు, అంటే శిలీంధ్రం. వరికి పాముపొడ తెగులు తెచ్చేదీ శిలీంధ్రమే. ఒంటిమీది ఈ బూజుకు చర్మం పైపొరలోని కెరటిన్ తిండి. బూజు కణం చుట్టూ ఉండే పొర గట్టిగా నిలవాలంటే ఎర్గోస్టెరాల్ అనే పదార్థం కావాలి. మన కణాల్లో అది ఉండదు, దాని చోట కొలెస్టరాల్ ఉంటుంది. క్లోట్రిమజోల్ పూతమందు ఎర్గోస్టెరాల్ తయారుకాకుండా అడ్డుపడుతుంది. దాంతో పొర బలహీనపడి బూజు ఎదగలేదు. పాముపొడకు చల్లే హెక్సాకొనజోల్ పనిచేసేదీ ఈ పద్ధతిలోనే. అట్లాగని చేలో మందును ఒంటికి పూయకూడదు, అది విషం. కిరసనాయిలూ వద్దు, బ్యాటరీ యాసిడూ వద్దు. అవి చర్మాన్ని కాలుస్తాయి.

మరి షాపులో చేతికొచ్చే ట్యూబుల్లో ఏముంటుంది? చాలావాటిలో బూజు మందుతోపాటు క్లోబెటసాల్, బీటామెథసోన్ వంటి స్టెరాయిడ్లు కలిపి ఉంటాయి. రాసిన రెండు రోజులకే ఎరుపూ దురదా పోతాయి. "భలే మందు" అనుకుంటాం. నిజానికి స్టెరాయిడ్ చేసింది మన ఒంటి కాపలాను నిద్రపుచ్చడం. బూజు లోపల నిశ్చింతగా పాకుతుంది. ట్యూబు ఆపగానే రెట్టింపుగా పైకొస్తుంది. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి చారలు పడుతుంది. 2018లో కేంద్ర ప్రభుత్వం స్టెరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలని షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. కాగితం మీది ఆంక్ష ఊరి షాపుదాకా వచ్చిందా అన్నదే ప్రశ్న. ఈలోగా మొండి తామర మన దేశంలో విస్తరించింది. మామూలుగా బాగా పనిచేసే టెర్బినఫిన్‌కు కూడా తరచు లొంగని ఒక శిలీంధ్రానికి 2020లో ట్రైకోఫైటాన్ ఇండోటినే అని పేరుపెట్టారు. ఆ పేరులోనే మన దేశం ఉంది.

కనుక ట్యూబు కొనేముందు దానిమీద ఏం రాసి ఉందో చదువుకున్న పిల్లలచేత చదివించండి. క్లోట్రిమజోల్ 1 శాతం ఒక్కటే ఉంటే సరి. ఆ చోటు కడిగి, పొడిగుడ్డతో అద్ది, బాగా ఆరాక పలచగా రాయాలి. మచ్చ మీదే కాదు, దాని అంచు దాటి రెండు వేళ్ల మేర రాయాలి. రోజుకు రెండుసార్లు. మచ్చ కనపడకుండా పోయాక కూడా మరో రెండు వారాలు మానకూడదు. రాశాక చేతులు కడుక్కోవాలి. కళ్లలో, నోట్లో పడనివ్వకూడదు. మంట పుట్టినా, పొక్కులు లేచినా ఆపేయాలి.

ఇంట్లో ఒకరికే మందు రాసి లాభం లేదు, ఉన్నవాళ్లందరికీ ఒకేసారి చూపించుకోవాలి. తువ్వాలు, లోబట్టలు ఎవరివి వారికే ఉండాలి. వేడినీళ్లలో ఉతికి, తిరగేసి ఎండలో ఆరవేయాలి. దూడల ఒంటిమీద గుండ్రటి పెచ్చులుంటే పశువైద్యుడికి చూపించండి, పశువుల తామర మనుషులకూ అంటుతుంది. గోళ్లకు, తలకు పట్టిన తామర పూతమందుకు లొంగదు, మాత్రలు కావాలి. షుగరు ఉన్నవాళ్లు, గర్భిణులు, ఇప్పటికే స్టెరాయిడ్ ట్యూబులు వాడుతున్నవాళ్లు, నాలుగు వారాలకూ తగ్గనివాళ్లు డాక్టరు దగ్గరికి పోవాల్సిందే.

క్లోట్రిమజోల్ జాతీయ ఆవశ్యక మందుల జాబితాలో ఉన్న మందు. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనూ అది దొరకాలి, అదీ కూలీలు పని దిగి వచ్చే వేళకు. చీటీ లేకుండా స్టెరాయిడ్లు అమ్మే షాపులపై తనిఖీ జరగాలి. బురదలో దిగి మనకు అన్నం పెట్టేవాళ్ల కాళ్లకు మందు అడగడం గొంతెమ్మ కోరికేమీ కాదని మేమంటున్నాం.