క్లౌడ్‌లో దాచిన ఇంటి కాగితాలు



యాంగోన్ నగరానికి పడమటి వైపు, నది ఒడ్డున అహ్లోన్ ఉంది. మన తాతల నోట రంగూన్ అంటే ‘రంగం’. కోరంగి రేవులో ఓడెక్కి వచ్చిన మనవాళ్ళను బర్మావాళ్ళు కోరంగీలు అనేవారు. 1941 డిసెంబరులో రంగూన్ మీద జపాను బాంబులు పడ్డాయి. ఆ తర్వాత కొద్ది నెలల్లో లక్షలాది భారతీయులు ఆ దేశం విడిచిపెట్టారు. కొందరికి ఓడ దొరికింది, చాలామంది కొండదారుల్లో కాలినడకన వచ్చారు. నడిచేవాడు ట్రంకు పెట్టె మొయ్యలేడు కదా! చేతికందిన కాగితాలే వెంట వచ్చాయి.

ఇప్పుడు ఆ బాధ లేదు. అహ్లోన్‌లో అమ్మమ్మ పెట్టెలోని ఉత్తరాన్ని ఫోనుతో ఫొటో తీస్తే, నిమిషంలో డల్లాస్‌లో మనవరాలు చూస్తుంది. దీన్నే క్లౌడ్ అంటున్నారు. నిజానికి ఆకాశంలో ఏమీ లేదు. ఎక్కడో ఒక కంపెనీవారి కంప్యూటర్లలో మన ఫైలు ఉంటుంది, అంతే. కాబట్టి దాచడం సగం పనే. అవసరమైనప్పుడు అందేలా చూసుకోవడం మిగతా సగం. అందుకు పనికొచ్చే సదుపాయాలు మూడు చెబుతాను.

మొదటిది, నెట్ లేనప్పుడు సంగతి. మయన్మార్‌లో 2021 ఫిబ్రవరి మధ్య నుంచి రోజూ రాత్రి ఒంటిగంట మొదలు ఉదయం తొమ్మిది దాకా ఇంటర్నెట్ ఆపేసేవారు. మార్చిలో మొబైల్ డేటా కూడా నిలిపేశారు. అలాంటప్పుడు క్లౌడ్‌లో ఎంత ఉన్నా అందని ద్రాక్షే. గూగుల్ డ్రైవ్ యాప్‌లో ఫైలు పక్కనున్న మూడు చుక్కలు నొక్కితే ‘మేక్ అవైలబుల్ ఆఫ్‌లైన్’ అని వస్తుంది. అది నొక్కితే ఒక ప్రతి ఫోనులోనే ఉంటుంది. ముఖ్యమైన పత్రాలకు ఈ పని ముందే చేసిపెట్టండి. గూగుల్ ఫొటోస్‌లో ‘ఫ్రీ అప్ స్పేస్’ మాత్రం ఆలోచించి నొక్కండి. అది ఫోనులోని ప్రతిని తీసేసి, క్లౌడ్‌లోని దాన్నే ఉంచుతుంది.

రెండోది అక్షరాల సంగతి. ఒకప్పుడు ఈనాడు వెబ్‌సైటు చదవడానికి ఈనాడు ఫాంటే కావలసివచ్చేది, గుర్తుందా? బర్మీస్‌లో జౌజీ ఫాంటుతో అదే తంటా. 2019 అక్టోబరు 1న ఆ దేశం యూనికోడ్‌కు మారింది. పాత ఫాంటుతో టైపు చేసిన ఫైళ్ళు కొత్త ఫోనులో గజిబిజిగా కనబడతాయి. వాటిని యూనికోడ్‌లోకి మార్చి దాచుకోవాలి. అచ్చు కాగితాలైతే, కంప్యూటర్‌లో డ్రైవ్ తెరిచి, ఆ ఫొటోను గూగుల్ డాక్స్‌తో తెరవండి. బొమ్మ కింద అక్షరాలు యూనికోడ్‌లో వస్తాయి. తెలుగుకూ పనిచేస్తుంది. తప్పులు దిద్దుకోక తప్పదు. చేతిరాతను మాత్రం నమ్ముకోవద్దు. అమ్మమ్మ చేతనే ఉత్తరం చదివించి, ఆ గొంతు రికార్డు చేసి, ఫొటో పక్కన పెట్టండి. తెలుగు మాట్లాడగలిగినా చదవలేని మనవలకు అదే అన్నిటికన్నా అక్కరకొస్తుంది.

మూడోది, చెప్పడానికి కాస్త కష్టమైనదే. ఆ ఖాతా పెద్దాయన పేర ఉండి, ఆయన కాలం చేస్తే? రెండేళ్ళపాటు వాడని వ్యక్తిగత ఖాతాలను గూగుల్ తొలగించవచ్చు. ఈ నియమం 2023 డిసెంబరు నుంచి అమల్లో ఉంది. ఆ ఖాతాతోపాటు ఫొటోలూ పోతాయి. ‘నాతో షేర్ చేశారుగా’ అనుకోకండి. షేర్ చేసిన ఫైలు ఆయన ఖాతాలోదే, మీ ప్రతి కాదు. దీనికి 2013లోనే ‘ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్’ అనే ఏర్పాటు వచ్చింది. ఎన్ని నెలలు ఖాతా కదలకపోతే ఎవరికి ఏమేమి అందాలో, పది మంది దాకా ముందే పేర్లు రాసిపెట్టవచ్చు. ఆపిల్ ఫోన్లవారికి 2021 నుంచి ‘లెగసీ కాంటాక్ట్’ ఉంది.

ఈ ఆదివారం ఇంటికి ఫోను చేసినప్పుడు క్షేమ సమాచారాలయ్యాక ఒక్క మాట అడగండి. “తాతయ్యా, మీ తర్వాత ఈ ఫొటోలు ఎవరు చూసుకోవాలి?” అడగడానికి నోరు రాదు, నిజమే. కానీ ఆ పేరు రాయవలసింది ఆయనే, రాయగలిగేదీ ఇప్పుడే.

సెలవు.