సైకిలు సైజు: ఎవరి మూర?

పూలు కొనే ఇల్లాలికి తెలిసిన సంగతి ఒకటున్నది. మూర పూలు అంటే చాలదు, ఎవరి చేతి మూర అన్నది చూచుకోవాలి. పొట్టి చెయ్యి పూలమ్మి కొలిచిన మూరకూ, పొడుగు చెయ్యి పూలమ్మి కొలిచిన మూరకూ గుప్పెడు మల్లెలు తేడా వస్తవి. అందుకే మన ఆడవాళ్ళు "ఉండమ్మా, నా చేత్తో కొలుస్తాను" అంటారు. పూల దగ్గర ఇంత జాగ్రత్త చూపే కుటుంబమే, వేల రూపాయలు పోసి సైకిలు కొనేటప్పుడు మాత్రం దుకాణదారు "ఇది ఇరవైరెండు ఇంచీలు సార్" అంటే తల ఊపి, డబ్బు చెల్లించి, బండి ఇంటికి తోసుకొని వస్తున్నది. ఆ ఇరవైరెండు ఎవరి మూరతో కొలిచినది? దీనిని గురించి నాలుగు మాటలు పాఠకులకు మనవి చేయదలచినాము.

కాగితం మీద అంకె కనబడితే నమ్మడం మా గుమాస్తా వృత్తికి అలవాటు. అయితే సైకిలు విషయంలో ఆ అంకె ఎక్కడినుండి ఎక్కడికి కొలిచినదో అడగక తప్పదు.

మా ఊరి సంగతి

కూరెకుప్ప బళ్ళారి జిల్లా సండూరు తాలూకాలో, తోరణగల్లు ఉక్కు కర్మాగారానికి దగ్గరనున్న ఊరు. ఇంట్లో తెలుగు, వీథిలో కన్నడం మాట్లాడే మావంటి కుటుంబాలు ఇక్కడ ఉన్నవి. మోటారు సైకిళ్ళు ఎన్ని వచ్చినా, బడికి పోయే పిల్లలకు, షిఫ్టుకు పోయే కొందరికి, కూరలు తెచ్చుకొనే పెద్దలకు సైకిలు అక్కరకు వస్తూనే ఉన్నది. ఇక రోడ్డు మీద ఖనిజం లారీలు. వెనుకనుండి హారను మోగినప్పుడు తొక్కేవారి కాలు చటుక్కున నేలకు ఆనాలి. ఆనకపోతే బండి ఏ పక్కకు ఒరుగుతుందో చెప్పలేము. కనుక సైకిలు సైజు అన్నది సుఖానికి మాత్రమే సంబంధించినది కాదు, ప్రాణానికీ సంబంధించినది.

ఒకనాడు అంకె ఒక్కటే

నేడు మనం చూచే సైకిలు ఆకారానికి మూలం 1885లో ఇంగ్లండులోని కోవెంట్రీ నగరంలో జాన్ కెంప్ స్టార్లీ తయారుచేసిన రోవరు సైకిలు. అంతకు పూర్వం ముందు చక్రం మనిషి ఎత్తుండేది. రోవరు వచ్చిన తరువాత రెండు చక్రాలూ దాదాపు సమానమై, మధ్య గొట్టాల చట్రం, అనగా ఫ్రేము, ప్రధానమైనది. కొద్దికాలానికే ఆ ఫ్రేము పై కడ్డీ నేలకు సమాంతరంగా నిలిచినది.

మన దేశానికి మొదట వచ్చినవి ర్యాలీ, హెర్క్యులిస్, బి.ఎస్.ఎ. వంటి ఇంగ్లీషు బండ్లు. 1949లో మద్రాసు దగ్గర అంబత్తూరులో టి.ఐ. సైకిల్స్ సంస్థ ఏర్పడినది. సండూరు సంస్థానం మద్రాసు రాష్ట్రంలో కలిసినది కూడా ఆ 1949లోనే. 1953 అక్టోబరు 1న బళ్ళారి, సండూరు మైసూరులో చేరినవి. ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్ర రాష్ట్రానికి పోయినవి. సరిహద్దు గీత మారినా ఇరువైపులా తొక్కిన బండ్లు మాత్రం ఒకటే తీరు. సోనీపత్‌లో 1951లో అట్లాస్, లూధియానాలో 1956లో హీరో, ఆసన్‌సోల్‌లో సేన్-ర్యాలీ: పేర్లు వేరైనా చాలా కాలం వీరంతా తయారుచేసిన నల్ల సైకిలు దాదాపు ఒకే ఇంగ్లీషు అచ్చులో పోసినది. 28 అంగుళాల చక్రం, అడ్డంగా సమంగా ఉండే కడ్డీ, 22 లేక 24 అంగుళాల ఫ్రేము. అచ్చు ఒకటి కనుక అంకె చాలినది. "పొట్టివాడికి ఇరవైరెండు, పొడుగువాడికి ఇరవైనాలుగు" అన్న లెక్క ఆనాటిది. లెక్క మంచిదే, కాని ఆ అచ్చు పోయినది.

ఒకే ఫ్రేముకు మూడు కొలతలు

ఫ్రేము సైజు అంటే సీటు గొట్టం పొడుగు. పెడళ్ళు తిరిగే ఇరుసు నడిమి బిందువు దగ్గర కొలత మొదలవుతుంది. ఇక్కడ అందరిదీ ఒకే మాట. పైన ఎక్కడ ముగించాలి అన్నదే తగవు. కొందరు పై కడ్డీ నడిమికి కొలుస్తారు. కొందరు కడ్డీ పై అంచుకు కొలుస్తారు. కొందరు సీటు పిల్లరు దిగే చోట, అనగా గొట్టం కొసవరకు కొలుస్తారు.

ఉదాహరణకు కడ్డీ నడిమికి 52 సెంటీమీటర్లు వచ్చిన ఫ్రేము ఒకటి ఉన్నదనుకొందాము. కడ్డీ మందం ఒక అంగుళమైతే పై అంచుకు 53 దాటుతుంది. గొట్టం ఇంకొక సెంటీమీటరు పైకి పొడుచుకొని ఉంటే 54 పైచిలుకు. బండి ఒక్కటే, ఇనుము ఒక్కటే. ముగ్గురు తయారీదారులు మూడు అంకెలు అంటించవచ్చు, ముగ్గురిలో ఒక్కరూ అబద్ధమాడినట్లు కాదు. కడ్డీ నడిమికి కొలిచే సంస్థ బండిలో 54 సరిపోయిన మనిషి, గొట్టం కొసకు కొలిచే సంస్థ బండి 54 తెచ్చుకొంటే అది చిన్నదవుతుంది.

కడ్డీ వాలినది, అంకె మారినది

దీనికి తోడు కడ్డీ కూడా వాలిపోయినది. కొండదారి సైకిళ్ళలో పై కడ్డీ హ్యాండిలు దగ్గర ఎత్తుగా, సీటు దగ్గర పల్లంగా ఉంటుంది. పందెపు సైకిళ్ళకు ఈ పద్ధతిని 1990లలో తైవాన్ దేశపు జెయింట్ సంస్థ పెద్ద ఎత్తున తెచ్చినది. దానిని రూపొందించినవాడు మైక్ బరోస్ అనే ఇంగ్లీషువాడు. కడ్డీ వాలితే సీటు గొట్టం పొట్టిదవుతుంది, పొడుగు సీటు పిల్లరుతో ఆ లోటు తీర్చవచ్చు. తయారీదారుకు లాభమేమంటే పది సైజులు చేయవలసిన చోట మూడు నాలుగు చాలును. అందుకే అంకెలు పోయి, చొక్కాలకు వలె ఎస్., ఎమ్., ఎల్. అనే అక్షరాలు వచ్చినవి.

చొక్కాల సంగతి మనకు తెలియనిది కాదు. ఒక కంపెనీ ఎమ్. బిగుతు, మరొక కంపెనీ ఎమ్. వదులు. సైకిలు ఎమ్. కూడా అంతే. పాత నల్ల సైకిలు 22కీ, వాలు కడ్డీ సైకిలు 18కీ ఒకే మనిషి సరిపోవడం వింత కాదు. అంకె చిన్నదని బండి చిన్నది కాదు.

ఈ గందరగోళం తగ్గించడానికి కెనడాలోని సెర్వెలో సంస్థ వేరొక పద్ధతిని ప్రచారం చేసినది. పెడలు ఇరుసు నడిమినుండి హ్యాండిలు మెడ కొస ఎంత ఎత్తున ఉన్నది, ఎంత ముందుకు ఉన్నది, ఈ రెండు కొలతలే చెప్పాలని వారి వాదన. కడ్డీ ఎటు వాలినా ఈ రెండూ మోసగించవు. ఖరీదైన సైకిళ్ళ పట్టికలలో ఇవి ఇప్పుడు కనబడుతున్నవి. మన బజారులో దొరికే మామూలు బండ్ల మీద వీటికోసం వెదకడం వృథా.

చక్రం అంకె వేరు, ఫ్రేము అంకె వేరు

ఇంకొక పొరపాటు ఇళ్ళలో తరచు జరుగుతుంది. పాత నల్ల సైకిలుకు "24" అంటే ఫ్రేము. పిల్లల సైకిలుకు "24" అంటే చక్రం. తాతగారు ఒక లెక్క చెబుతారు, దుకాణదారు మరొక లెక్క వింటాడు. అందుచేత దుకాణంలో మొదట అడగవలసిన ప్రశ్న, "ఈ అంకె చక్రానిదా, ఫ్రేముదా?" అన్నది.

చక్రాలలో కూడా పేరు ఒకటి, కొలత వేరొకటి కలదు. 26 అని పిలిచే టైర్లలో 559 మిల్లీమీటర్ల రిమ్ముకు పట్టేవి, 590 రిమ్ముకు పట్టేవి రెండూ ఉన్నవి. 28 అనేవాటిలో 622 ఉన్నది, మన పాత నల్ల సైకిలు 635 కూడా ఉన్నది. అయితే టైర్లకు అంతర్జాతీయంగా ఒక ఒప్పందం కుదిరినది. టైరు పక్కన "37-590" వంటి అంకె అచ్చువేసి ఉంటుంది. రెండవ భాగం చూచి కొంటే తప్పు జరగదు. ఫ్రేముకు బజారంతా పాటించే అటువంటి ఒక్క అంకె లేదు. కనుక కొలత మనమే తీసుకోవాలి.

మీ కాలు మీరు కొలవండి

గోడకు వీపు ఆనించి, చెప్పులు లేకుండా నిలబడండి. ఒక అట్టపుస్తకం కాళ్ళ నడుమ ఉంచి, సీటు మీద కూర్చొన్నట్లుగా పైకి గట్టిగా ఆనించండి. పుస్తకం పై అంచు గోడకు తగిలిన చోట ఇంట్లోవారు పెన్సిలుతో గీత పెట్టాలి. నేలనుండి గీతవరకు మీ లోపలి కాలి పొడుగు.

అది 80 సెంటీమీటర్లు అనుకొందాము. ఫ్రాన్సు చుట్టు పందెం 1986, 1989, 1990లలో గెలిచిన అమెరికా వీరుడు గ్రెగ్ లెమాండ్ ప్రచారం చేసిన లెక్క ప్రకారం దీనిని 0.883తో గుణించాలి. 70.6 వస్తుంది. పెడలు ఇరుసు నడిమినుండి సీటు పైభాగానికి ఉండవలసిన దూరం అది. ఇంగ్లండులో హామ్లీ, థామస్ అనే ఇద్దరు పరిశోధకులు 1967లో వేరొక దారిన వెళ్ళినారు. పెడలు అడుగుకు దిగినప్పుడు దానినుండి సీటు పైకి కాలి పొడుగులో 109 శాతం ఉండాలన్నారు. 80కి అది 87.2. పెడలు కాడ, అనగా క్రాంకు, 16.5 అయితే తీసివేయగా 70.7. రెండు దారులూ ఒకే ఊరికి చేరినవి.

ఫ్రేముకైతే కాలి పొడుగును 0.65తో గుణిస్తే 52, సుమారు ఇరవైన్నర అంగుళాలు. ఇది కడ్డీ నడిమికి కొలిచే, సమాంతరపు కడ్డీ గల పందెపు సైకిలు లెక్క. వాలు కడ్డీకి ఇది పనికిరాదు. దానికి సీటు ఎత్తు ఒక్కటే చూచుకోవాలి.

లెక్కలు వద్దనేవారికి మడమ పరీక్ష ఉన్నది. ఒకరు బండి పట్టుకోగా సీటు మీద కూర్చొని, అడుగున ఉన్న పెడలు మీద మడమ ఆనించండి. కాలు తిన్నగా రావాలి. తరువాత పాదం ముందుభాగం పెట్టి తొక్కితే మోకాలు కొంచెం వంగి ఉంటుంది. సీటు మరీ పల్లమైతే భారమంతా మోకాటి చిప్ప మీద పడుతుంది. మరీ ఎత్తయితే నడుము ఇటూ అటూ ఊగి, తొడ వెనుక నరం లాగుతుంది. ఎనిమిది గంటలు నిలబడి పనిచేసి వచ్చేవారికి ఈ తేడా రెండు వారాలలో తెలిసిపోతుంది.

సీటు పిల్లరు మీద ఒక గీత ఉంటుంది, ఆ గీత బయటపడేంతగా లాగరాదు. గీత లేకపోతే రెండున్నర అంగుళాలైనా గొట్టం లోపల ఉండాలి. అంతకుమించి లాగవలసివస్తే ఫ్రేము చిన్నది. సీటు పూర్తిగా దించినా మడమ అందకపోతే ఫ్రేము పెద్దది. కడ్డీ దాటి రెండు పాదాలూ నేల మీద మోపి నిలబడినప్పుడు కడ్డీకీ శరీరానికీ మధ్య ఒక అంగుళమైనా ఖాళీ ఉండాలి.

హ్యాండిలు దూరానికి మన మూరే కొలత. సీటు ముక్కుకు మోచెయ్యి ఆనించి చెయ్యి చాస్తే వేళ్ళ కొసలు హ్యాండిలు దగ్గరకు రావాలి. మోటు లెక్కే గాని దారి చూపుతుంది. ఆడవారి సైకిలుకు అడ్డు కడ్డీ ఉండదు కనుక "ఏదైనా సరిపోతుంది" అని దుకాణంలో చెబుతారు. సరిపోదు. సీటు ఎత్తు, హ్యాండిలు దూరం వారికీ చూడవలసినవే.

పెరిగే పిల్లల విషయం

"పెరిగే పిల్ల గదా, ఒక సైజు పెద్దది తీసుకొందాము" అనని తండ్రి అరుదు. చొక్కా వదులైతే కుట్టు వేయవచ్చు, లంగా పొడుగైతే మడత పెట్టవచ్చు. ఇనుప గొట్టానికి మడత లేదు. కడ్డీ కింద సందులోనుండి కాలు దూర్చి తొక్కి నేర్చుకొన్న తరం మాది. అది గతిలేక చేసిన విద్య, పిల్లలకు ఆస్తిగా ఇవ్వదగినది కాదు. ఈనాటి రోడ్డు మీద అసలే కాదు.

సైకిలు పిల్లలకు ఎంత ఉపకారమో తెలుసుకోవాలంటే బీహారు సంగతి చూడాలి. 2006లో ఆ ప్రభుత్వం తొమ్మిదవ తరగతి బాలికలకు సైకిలు కొనుక్కోవడానికి డబ్బు ఇచ్చే పథకం పెట్టినది. దానివల్ల ఉన్నత పాఠశాలలలో ఆ వయసు బాలికల చేరిక 32 శాతం పెరిగినదని కార్తీక్ మురళీధరన్, నిశీథ్ ప్రకాశ్ అనే ఆర్థికవేత్తలు 2017లో ప్రకటించినారు. మన కర్ణాటకలో 2006-07లో ఎనిమిదవ తరగతి పిల్లలకు సైకిళ్ళు ఇవ్వడం ఆరంభమైనది. తరగతిని బట్టి ఇచ్చే బండి కాలును చూచి ఇచ్చినది కాదు. ఒకే తరగతిలో పిల్లల ఎత్తులలో జానెడు తేడా ఉంటుంది. ఉచితంగా వచ్చినదైనా, కొన్నదైనా, అన్న వాడి చెల్లెలికి ఇచ్చినదైనా, ఇంటికి రాగానే సీటు, హ్యాండిలు ఆ పిల్లకు సరిపోయేటట్లు బిగించడం పెద్దల పని. ఒక పానా, పది నిమిషాలు చాలును. పాదం నేలకు అందని భయంతో ఒక పిల్ల సైకిలు మూలకు నెట్టివేస్తే, దానితోబాటు బడి కూడా దూరమైపోవచ్చు.

కనుక పాఠకులకు మా విన్నపం. దుకాణానికి పోయేటప్పుడు దర్జీ టేపు ఒకటి, తొక్కేవారిని వెంటబెట్టుకొని పోండి. ఆరునెలలకొకసారి పిల్లల కాలు గోడ దగ్గర కొలిచి, సీటు సరిచేయండి. సీటు పిల్లరు గీత బయటపడే నాడు ఆ బండి తమ్ముడికో చెల్లికో ఇచ్చివేసి, మరొకటి చూడండి. అంకెలు కంపెనీలవి, అవి మారుతూ ఉంటవి. కాలు మాత్రం మీ పిల్లది.