మీకు తెలుసా? ప్రళయం సినిమాల్లో వాయిద్యాల సంగతులు

కొండ దిగి వచ్చాక రైలుకో బస్సుకో ఇంకా టైముంటే ఒక సినిమా చూసి పోవడం తిరుపతిలో మామూలే. తెర మీద భూమి చీలుతుంటే, సముద్రం ఊళ్ల మీద పడుతుంటే గుండె దడదడలాడుతుంది. బొమ్మ ఒక్కటే ఆ పని చేస్తోందనుకుంటాం. వెనక వాయిద్యాలు చేసే పని చాలా ఉంది. అవి ఆగిపోయి చేసే పని ఇంకా ఎక్కువ.

● 2008 జూన్‌లో వచ్చిన 'దశావతారం' గోవిందరాజస్వామితో మొదలై 2004 డిసెంబరు 26 నాటి సునామీతో ముగుస్తుంది. పన్నెండో శతాబ్దంలో రెండో కులోత్తుంగ చోళుడు చిదంబరం గోవిందరాజ విగ్రహాన్ని సముద్రంలో పడేయించడం, దానికి కట్టేసిన భక్తుడు కూడా అడుక్కి పోవడం తొలి ఘట్టం. దీని తర్వాత కథ తిరుపతి వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. చిదంబరం నుంచి తెచ్చిన ఉత్సవమూర్తితో రామానుజాచార్యులు కొండ కింద గోవిందరాజస్వామి కోవెలను నెలకొల్పారని, అది 1130లో జరిగిందని ఆలయ సంప్రదాయం చెబుతుంది. రెండో కులోత్తుంగుడు గద్దెనెక్కింది 1133లో కాబట్టి లెక్క ఎక్కడో కాస్త అటూ ఇటూ అయింది. రైల్వే స్టేషన్ నుంచి నాలుగడుగులు వేసి ఆ గోపురం కింద దండం పెట్టుకునేవాళ్లెవరూ దాన్ని పట్టించుకోరనుకోండి.

ఆ సినిమాలో పాటలకు బాణీలు కట్టింది హిమేష్ రేషమ్మియా, నేపథ్య సంగీతం ఇచ్చింది మన దేవిశ్రీప్రసాద్. కష్టమైన వాటా ఈయనకే వచ్చిందంటాను. ఎందుకంటే ఈ కథలో సునామీ పూర్తిగా దుర్మార్గురాలు కాదు. ఊళ్లను ముంచేస్తున్న ఆ ఉప్పునీళ్లే, బయటపడిన భయంకరమైన వైరస్‌ను చంపేస్తాయి. మునిగిన విగ్రహం ఒడ్డుకు చేరేదీ ఆ అలతోనే. చావూ, రక్షణా, దేవుడూ ఒకే నీటిలో కొట్టుకొస్తుంటే వయొలిన్లు ఏడవాలా, ఊరట పడాలా, దండం పెట్టాలా? మామూలు ప్రళయం సినిమాకు ఈ చిక్కు ఉండదు.

● అదే సినిమా తెలుగులో కమల్‌హాసన్ వేసిన పది వేషాల్లో ఏడింటికి గొంతు ఎస్పీ బాలసుబ్రహ్మణ్యానిది. అందులో ముసలావిడ వేషం కూడా ఉంది. చిన్నతనంలో నగరిలో, స్కూలు ఫైనలుకు శ్రీకాళహస్తిలో, పీయూసీకి తిరుపతిలో చదువుకున్న మనిషి కాబట్టి గోవిందరాజస్వామి ఆయనకు పాత పరిచయమే. ఇలా గొంతులు మారినా వాయిద్యాలు మారవు. డబ్బింగ్‌కు పంపేటప్పుడు మాటలు తీసేసి సంగీతం, శబ్దాలు మాత్రమే ఉన్న ట్రాకు ఇస్తారు. స్టూడియోవాళ్లు దాన్ని 'ఎం అండ్ ఇ' అంటారు. 2009లో వచ్చిన '2012' అనే ప్రళయం సినిమాను తెలుగులో చూసినా, ఇంగ్లీషులో చూసినా హెరాల్డ్ క్లోజర్, థామస్ వాండర్‌ల సంగీతం అదే. ఏడుపు భాష మారుతుంది, దాని వెనక తీగల ఏడుపు మారదు.

● భూకంపం సినిమాలో భూకంపం వచ్చినప్పుడు సంగీతం ఉండదంటే నమ్ముతారా? 1974 నాటి హాలీవుడ్ చిత్రం 'ఎర్త్‌క్వేక్'కు సంగీతం జాన్ విలియమ్స్. అంతకు రెండేళ్ల ముందు ఓడ తలకిందులయ్యే 'పొసైడన్ అడ్వెంచర్'కు ఆయనే చేశాడు. అదే 1974లో ఆకాశహర్మ్యం తగలబడే 'టవరింగ్ ఇన్ఫెర్నో'కూ ఆయనే. అంత చేయి తిరిగినవాడు లాస్ ఏంజెలెస్ నగరం కూలిపోయే అసలు ఘట్టంలో వాద్యబృందాన్ని పూర్తిగా ఊరుకోబెట్టాడు. ఆ చోటు శబ్దాలది. యూనివర్సల్ వాళ్లు 'సెన్‌సరౌండ్' అనే ఏర్పాటు చేసి, బీరువాలంత స్పీకర్లలోంచి చెవికి సరిగా అందనంత మంద్రమైన కంపనాలు వదిలారు. మనిషి చెవి కింది వైపు దాదాపు 20 హెర్ట్జ్ దాకా వింటుంది. ఆ కిందికి పోతే వినపడదు గానీ ఛాతీలో, కూర్చున్న కుర్చీలో తెలుస్తుంది. హాలీవుడ్‌లోని చైనీస్ థియేటర్‌లో పైకప్పు పెచ్చులు ప్రేక్షకుల నెత్తిన రాలకుండా వల కట్టారు. ఆ సినిమాకు ధ్వనికి ఆస్కార్ వచ్చింది.

పెద్ద శబ్దంతో ఇంకో శబ్దాన్ని కప్పేసే విద్య మనకూ ఉంది, పని మాత్రం పూర్తిగా ఎదురు. తాళి కట్టే వేళ పురోహితుడు వేలు ఊపగానే గట్టిమేళం అందుకుంటుంది. ఎవరో తుమ్మినా, అపశకునం మాట ఏదైనా అన్నా చెవిన పడకూడదని డోలూ నాదస్వరమూ ఒక్కసారిగా మీద పడతాయి. మన దగ్గర హోరెత్తితే శుభం. హాలీవుడ్‌లో హోరెత్తితే ఊరు మునిగినట్టే.

● హిచ్‌కాక్ 'ది బర్డ్స్' (1963)లో పక్షులు ఊరి మీద పడతాయి. సినిమాకు నేపథ్య సంగీతమే లేదు. రెక్కల చప్పుడు, అరుపులు చాలావరకు జర్మనీలో ఆస్కర్ సాలా అనే ఆయన ట్రౌటోనియం అనే ఎలక్ట్రానిక్ వాయిద్యం మీద పుట్టించినవి. హిచ్‌కాక్ సినిమాలకు మామూలుగా సంగీతం కట్టే బెర్నార్డ్ హెర్మన్ ఇందులో శబ్దాలకు సలహాదారుగా మాత్రమే ఉన్నాడు. సంగీతం లేకపోతే భయం తగ్గుతుందనుకునేవాళ్లు 2021 నవంబరులో తిరుమల మెట్ల దారిలో వరద దూకిన ఫోన్ వీడియోలు ఒకసారి గుర్తు చేసుకోండి. వాటిలో ఉన్నది నీటి హోరు ఒక్కటే. ఆ వానకు పాడైన శ్రీవారి మెట్టు దారి 2022 మేలో గానీ మళ్లీ తెరుచుకోలేదు.

● జాన్ విలియమ్సే సంగీతం చేసిన 'జాస్'లో సొరచేప వస్తోందని చెప్పే రెండు స్వరాలు లోకమంతటికీ తెలుసు. పిల్లలు అట్టముక్కతో రెక్క చేసి జనాన్ని ఆటపట్టించే చోట ఆ స్వరాలు వినపడవు. విలియమ్స్ ప్రేక్షకుడికి అబద్ధం చెప్పలేదు. జాగ్రత్తగా విన్నవాడికి అది ఉత్తుత్తిదని ముందే తెలుస్తుంది.

● 1954 జపాన్ చిత్రం 'గాడ్జిల్లా' ఊళ్లు తొక్కే రాక్షసి కథలాగా ఉన్నా, లోపలంతా అణుబాంబు దెబ్బ తిన్న దేశపు బాధే. దాని గర్జన ఏ జంతువుదీ కాదు. సంగీతం చేసిన అకిరా ఇఫుకుబే డబుల్ బాస్ తీగలు వదులు చేయించి, కమాను వెంట్రుకలకు రాసే రజనం పట్టించిన తోలు చేతి తొడుగుతో వాటిని రుద్దించాడు. ఆ చప్పుడును రికార్డు చేసి వేగం తగ్గించి వినిపించారు. అంటే వాద్యబృందంలో కమానుతో వాయించేవాటిలో అన్నిటికన్నా పెద్ద తీగవాద్యమే తెర మీద ప్రళయానికి నోరు.

● గాలి కూడా వాయిద్యమే. పలకలు బిగించిన చెక్క పీపా మీద మందపాటి గుడ్డ పరిచి, పక్కన పిడి పట్టుకుని తిప్పుతారు. పలకలు గుడ్డను రాసుకుంటూ పోతే ఈదురుగాలి పుడుతుంది. మెల్లగా తిప్పితే మూలుగు, జోరుగా తిప్పితే కేక. అంటార్కిటికా మంచులో స్కాట్ అనే అన్వేషకుడి బృందం చనిపోయిన కథతో 1948లో వచ్చిన 'స్కాట్ ఆఫ్ ది అంటార్కిటిక్'కు వాన్ విలియమ్స్ అనే ఇంగ్లండు స్వరకర్త సంగీతం చేశాడు. తర్వాత దాన్నే పెంచి, ఈ గాలి యంత్రంతో సహా, 'సిన్ఫోనియా అంటార్టికా'గా మలిచాడు. 1953లో అది మొదటిసారి వేదికెక్కింది.

● ఎంత పైకి పోయినా పైన ఆగని స్వరం ఒకటుంది. 1964లో రోజర్ షెపర్డ్ అనే శాస్త్రవేత్త వివరించిన మాయ ఇది. ఇంట్లో హార్మోనియం ఉంటే కొంత అర్థమవుతుంది. ఒకే షడ్జం మూడు స్థాయిల్లో కలిపి నొక్కి, మూడింటినీ ఒక్కో మెట్టు పైకి జరుపుతూ పొండి. పై స్థాయిది మెల్లగా తగ్గిపోవాలి, అడుగున కొత్తది మెల్లగా పెరగాలి, నడిమిది నిండుగా ఉండాలి. (హార్మోనియం మీద ఈ తగ్గించడం, పెంచడం విడివిడిగా కుదరదు. కంప్యూటరో, పెద్ద వాద్యబృందమో కావాలి.) చెవికి మాత్రం స్వరం ఎక్కుతూనే ఉన్నట్టుంటుంది. ఎక్కడా దిగదు, ఎక్కడికీ చేరదు. 'డంకర్క్' (2017)లో హాన్స్ జిమ్మర్ దీన్నే పట్టుకున్నాడు. దర్శకుడు నోలన్ తన గడియారం టిక్కుటిక్కును రికార్డు చేసి ఇస్తే దాన్నీ కలిపాడు. కనుకనే ఆ సినిమా చూస్తుంటే ఏమీ జరగని చోట కూడా ఏదో ముంచుకొస్తున్నట్టే ఉంటుంది.

● అంతరిక్షంలో పేలుడుకు చప్పుడు ఉండదు, మోసుకొచ్చే గాలి లేదు కాబట్టి. 'గ్రావిటీ' (2013)లో అంతరిక్ష కేంద్రం తునాతునకలవుతుంటే మనకు వినపడేది స్టీవెన్ ప్రైస్ సంగీతమే. శబ్దాలు చేయాల్సిన పనిని కూడా అదే మీదేసుకుంది. ఇలాంటి ఘట్టాల్లో ఎవరైనా ముందుగా వాడే డప్పుల మోతను పక్కన పెట్టి మరీ చేశాడు, ఆస్కార్ తీసుకున్నాడు. తెలుగులో అంతరిక్షపు ఆపద మీద సంకల్ప్ రెడ్డి తీసిన 'అంతరిక్షం 9000 కేఎంపీహెచ్' 2018 డిసెంబరులో వచ్చింది. సంగీతం ప్రశాంత్ ఆర్. విహారి. అసలు రాకెట్లు ఎగిరే శ్రీహరికోట, 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టాక తిరుపతి జిల్లాలోకే వచ్చింది. రాకెట్ ఎగరబోయే ముందు ఇస్రో వాళ్లు చిన్న నమూనా పట్టుకుని శ్రీవారి దగ్గరకు రావడం ఎప్పటినుంచో ఉన్న ఆనవాయితీ. 2023 జులైలో చంద్రయాన్-3కీ అలాగే వచ్చారు. ఒకే జిల్లాలో రాకెట్టూ, దాని మొక్కూ ఉన్నా దీని మీద ఒక మంచి ఉత్కంఠ సినిమా ఇంకా ఎవరూ తీయలేదేమిటో.

● రాయలసీమకు తెలిసిన అసలు విపత్తు ఇలాంటిది కాదు, కరువు. కరువుకు క్లైమాక్స్ ఉండదు. ఒకనాడు పొద్దున్నే వచ్చి సాయంత్రానికి పోయేది కాదు. అందుకే దానికి వంద వయొలిన్లు మోగించే చోటు దొరకదు. మన సంగీతం ఈ కథను ఇంకోలా చూసింది. ముత్తుస్వామి దీక్షితర్ ఎట్టయపురం దారిలో ఎండిపోయిన పొలాలను చూసి అమృతవర్షిణి రాగంలో కీర్తన అందుకుంటే వాన పడిందని కథ. ఆ రాగంలో ఉన్నవి స, గ, మ, ప, ని మాత్రమే. ఆ దీక్షితర్ తొలి కీర్తన పుట్టింది తిరుత్తణిలో. 1960లో మద్రాసు రాష్ట్రంలో కలిపేదాకా తిరుత్తణి చిత్తూరు జిల్లాలోదే. హాలీవుడ్‌లో ఎండిన నేలకు దీటైన సంగీతం కావాలంటే నాకు తోచేది 'ఇంటర్‌స్టెల్లార్' (2014). దుమ్ము కమ్మేసిన పొలాల కథకు జిమ్మర్ లండన్ టెంపుల్ చర్చిలోని పెద్ద పైప్ ఆర్గాన్ వాడాడు. గాలి పీల్చి గొట్టాల్లోంచి వదిలితే గానీ మోగని వాయిద్యం అది.

● టైటానిక్ ఓడ మీద 1912 ఏప్రిల్‌లో ఎనిమిది మంది వాద్యకారులు ఉన్నారు. ఓడ మునుగుతుంటే జనం బెదరకుండా వాయిస్తూ ఉండి, ఎనిమిది మందీ చనిపోయారు. వాళ్ల నాయకుడు వాలస్ హార్ట్‌లీ. ఆ కథతో తీసిన 'టైటానిక్' సినిమాలో పాట వద్దని దర్శకుడు కామెరాన్ అంటే, సంగీత దర్శకుడు జేమ్స్ హార్నర్ ఆయనకు తెలియకుండా సెలిన్ డియాన్‌తో పాడించి దాచిపెట్టి, అదును చూసి వినిపించాడు. తర్వాత సంగతి తెలిసిందే.

● పాత మద్రాసు స్టూడియోల్లో రీరికార్డింగ్ అంటే తెర మీద రీలు నడుస్తుంటే వాద్యకారులంతా ఎదురుగా కూర్చుని వాయించడమే. ఒకరు తప్పితే రీలు మళ్లీ మొదటికి. అంతమంది అంత త్వరగా ఒక్కటిగా వాయించగలిగేది స్వరాలు కాగితం మీద ఉంటేనే. పడమటి పద్ధతిలో మన బాణీని కాగితం మీద పెట్టిన గొప్ప ఘట్టం ఒకటి చిత్తూరు సీమలోనే జరిగింది. 1919 ఫిబ్రవరిలో మదనపల్లె బీసెంట్ థియొసాఫికల్ కాలేజీకి వచ్చిన టాగూర్ 'జనగణమన' పాడితే అక్కడే ఉన్న మార్గరెట్ కజిన్స్ దానికి స్వరలిపి రాశారు.

● ప్రళయం సినిమాలకు బహుమతులు పంచడంలో ఒక తమాషా ఉంది. 'పొసైడన్ అడ్వెంచర్', 'టవరింగ్ ఇన్ఫెర్నో' రెండింట్లోనూ పాటలకు ఆస్కార్ వచ్చింది. రెండు పాటలూ అల్ కాషా, జోయెల్ హర్ష్‌హార్న్ జంటవే. రెండింట్లోనూ జాన్ విలియమ్స్ నేపథ్య సంగీతం పోటీదాకా వచ్చి వెనక్కి పోయింది. మొదటిసారి ఆయన్ను ఓడించింది చాప్లిన్ 'లైమ్‌లైట్'. అది 1952 నాటి సినిమా. లాస్ ఏంజెలెస్‌లో ఇరవై ఏళ్లు ఆలస్యంగా విడుదలై పోటీకి నిలిచింది. 1997 సినిమాలకు ఇచ్చిన ఆస్కార్లలో హార్నర్ 'టైటానిక్'కు పాటా, సంగీతమూ రెండూ గెలిచాడు. మన దగ్గర ఆ ఏడాదికి జాతీయ పురస్కారం తాళ్లపాక అన్నమాచార్యుల కథ 'అన్నమయ్య'కు వచ్చింది, కీరవాణికి. పాతికేళ్ల తర్వాత ఆ కీరవాణే 'ఆర్ఆర్ఆర్' వంతెన మీద మండుతున్న రైలు నుంచి పిల్లవాడిని కాపాడే ఘట్టానికి సంగీతం కట్టాడు. 2023లో ఆస్కార్ తెచ్చింది మాత్రం 'నాటు నాటు'.