ఒకే బండి, రెండు సాక్ష్యాలు

కాంపాక్ట్ ఎస్‌యూవీ కొనాలనుకునేవాళ్లు షోరూమ్‌కి వెళ్లే ముందు చేసే పని, అప్పటికే కొన్నవాళ్లను అడగడం. తిరకాసు అక్కడే మొదలవుతుంది. అదే మోడల్, అదే ఇంజిన్, అదే ఏడాది తయారీ. లీటరుకు 18 కిలోమీటర్లు ఇస్తోందని ఒకాయన మురిసిపోతాడు, 11 దాటడం లేదని ఇంకొకాయన తిట్టుకుంటాడు. ఎక్కడానికీ దిగడానికీ ఇంత హాయి ఏ కారులోనూ లేదని ఒకరంటే, వెనక సీట్లో ఒళ్లు హూనమైందని మరొకరంటారు. ఇద్దరిలో ఎవరో ఒకరు అబద్ధం ఆడుతున్నారనుకోవడం తేలిక. చాలాసార్లు ఇద్దరూ నిజమే చెబుతుంటారు. యజమాని చెప్పే అనుభవంలో కొంత కారుది, కొంత అది తిరిగే దారిది, మిగిలింది తిప్పే మనిషిది. వీటిని విడదీసి వినకపోతే, పక్కింటాయన దారికి సరిపోయిన బండి మన ఇంటి ముందుకొచ్చి నిలబడుతుంది.

ముందు కారు వాటా సంగతి చూద్దాం. ఈ తరగతి బండ్లను ఇంజనీర్ల కంటే ముందు పన్ను లెక్క తీర్చిదిద్దింది. 2006 బడ్జెట్‌లో చిన్న కార్లపై ఎక్సైజ్ సుంకాన్ని 24 శాతం నుంచి 16 శాతానికి తగ్గించారు. చిన్న కారంటే నిడివి నాలుగు మీటర్లు మించకూడదు, పెట్రోల్ ఇంజిన్ 1200 సీసీ, డీజిల్‌దైతే 1500 సీసీ దాటకూడదు. ఆ గీత లోపలే ఎస్‌యూవీ రూపాన్ని ఇరికించే ప్రయత్నం 2009లో ప్రీమియర్ రియోతో మొదలై, 2013లో ఫోర్డ్ ఎకోస్పోర్ట్‌తో జనంలోకి వచ్చింది. తర్వాత 2016లో మారుతీ బ్రెజా, 2017లో టాటా నెక్సాన్, 2019లో హ్యుందాయ్ వెన్యూ వచ్చాయి. 2020లో మన పెనుకొండ ఫ్యాక్టరీ నుంచే కియా సోనెట్ రోడ్డెక్కింది. చాలావాటి నిడివి 3995 మిల్లీమీటర్లు. గీతకు అయిదు మిల్లీమీటర్ల ఇవతల ఆగిపోయాయి! 2025 సెప్టెంబర్ 22 నుంచి గీతకు ఇవతల జీఎస్టీ 18 శాతం, అవతల 40 శాతం కావడంతో అది ఇంకా గట్టిపడింది. నాలుగు మీటర్లలో ఇంజినూ డిక్కీ పోగా మిగిలిన జాగాలోనే అయిదుగురు సర్దుకోవాలి. అందుకే వెనక నడిమి సీటు పేరుకే సీటు. 1200 సీసీ హద్దు వల్ల చాలా మోడళ్లలో మూడు సిలిండర్ల చిన్న టర్బో ఇంజిన్లు ఉంటాయి. నిలిపి ఉంచినప్పుడు సన్నని వణుకు, తక్కువ వేగంలో కాస్త బద్ధకం వాటి స్వభావం. 1462 సీసీ పెట్రోల్ ఇంజిన్ పెట్టుకున్న బ్రెజా నాలుగు సిలిండర్ల నునుపు ఇస్తుంది, కానీ నిడివి సరిపోయినా పన్ను రాయితీకి నోచుకోదు. కాబట్టి ఇలాంటి ఫిర్యాదులు విని ఒక కంపెనీని వదిలి ఇంకో కంపెనీకి పోయినా పెద్ద తేడా కనిపించదు.

ఇక మైలేజీ. కంపెనీ ప్రకటించే అంకె ల్యాబ్‌లో రోలర్లపై, నిర్ణీత వేగాలతో, ఏసీ ఆపేసి తీసినది. మే నెలలో అమీర్‌పేట నుంచి గచ్చిబౌలికి ఏసీ వేసుకుని, మొదటి రెండు గేర్లలోనే పాకే బండికీ ఆ అంకెకూ చుట్టరికం లేదు. చిన్న టర్బో ఇంజిన్ ఊపందుకోవాలంటే కొంత వేగంగా తిరగాలి. ట్రాఫిక్‌లో ఆ అవకాశం రాదు కాబట్టి నడిపేవాడు యాక్సిలరేటర్ మీద బరువు వేస్తాడు, పెట్రోల్ కరుగుతుంది. హైవే మీదైనా అందరికీ ఒకే లెక్క పడదు. గాలి నిరోధం వేగం వర్గంతో పాటు పెరుగుతుంది. 80 మీద పోయేటప్పటికంటే 120 మీద అది రెండింతలకు పైగా ఉంటుంది, ఎత్తయిన ముఖమున్న ఈ బండ్లకు ఆ దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. విజయవాడ హైవేలో 85 మీద నిలకడగా పోయే మాస్టారికీ, ఔటర్ రింగ్ రోడ్డుపై 120 పట్టే కుర్రాడికీ ఒకే కారు రెండు మైలేజీలు ఇవ్వడంలో వింత లేదు. ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ మీద నెపం వేసేవాళ్లూ ఉన్నారు. అందులో కొంత నిజముంది. లీటరు ఇథనాల్‌లో శక్తి పెట్రోల్‌లో కంటే దాదాపు మూడో వంతు తక్కువ. మామూలు పెట్రోల్ కోసం రూపొంది, పది శాతం ఇథనాల్‌కు సర్దుబాటు చేసిన కార్లలో మైలేజీ 6 నుంచి 7 శాతం తగ్గవచ్చని నీతి ఆయోగ్ 2021 నివేదికే చెప్పింది. అయితే 18కీ 11కీ మధ్య తేడాను ఆ ఆరేడు శాతం పూడ్చలేదు.

దారి వాటా ఎంత పెద్దదో డీజిల్ బండ్లలో ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 ప్రమాణాలు వచ్చాక డీజిల్ కార్ల పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టర్ తప్పనిసరైంది. పట్టిన మసిని అది ఎప్పటికప్పుడు కాల్చేసుకోవాలి. అందుకు దాదాపు 600 డిగ్రీల వేడి కావాలి, ఆ వేడి రావాలంటే బండి కాసేపు ఆగకుండా నిలకడగా పరుగెత్తాలి. పిల్లల్ని బడిలో దింపి, కూరగాయలు తెచ్చి, రోజుకు నాలుగైదు కిలోమీటర్లు తిరిగే బండికి ఆ యోగం పట్టదు. ఇంజినే అదనంగా డీజిల్ చిమ్మి మసి కాల్చే పని మొదలుపెడుతుంది, అంతలో ఇల్లొస్తుంది, తాళం తిప్పేస్తాం. ఇలా పలుమార్లు జరిగితే మసి పేరుకుపోతుంది, కాలని డీజిల్ ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తుంది, డ్యాష్‌బోర్డు మీద దీపం వెలుగుతుంది, చివరికి బండి సర్వీస్ సెంటర్‌కి చేరుతుంది. అదే మోడల్‌ను అనంతపురం నుంచి హైదరాబాద్‌కు వారం వారం నడిపేవాడికి అలాంటి ఫిల్టరొకటి ఉందన్న సంగతే తెలియకపోవచ్చు. వీళ్లలో ఎవరి మాటను ఆ కారుకు తీర్పుగా తీసుకుందాం? అమ్మేటప్పుడే ‘రోజుకు ఎంత తిరుగుతారు?’ అని షోరూమ్ వాళ్లు అడిగి ఉంటే మొదటాయన పెట్రోల్ బండి కొనుక్కునేవాడు.

పొగడ్తల విషయంలోనూ జాగ్రత్త అవసరం. ఈ బండ్లలో సీటు నడుం ఎత్తులో ఉంటుంది, వంగి దిగబడనక్కర్లేదు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు ఇది పెద్ద వరం. నేలకూ బండి అడుగుకూ మధ్య 190 నుంచి 210 మిల్లీమీటర్ల ఖాళీ ఉండటం వల్ల, పల్లెల్లో ఎవరికి తోచినట్టు వాళ్లు వేసిన స్పీడ్ బ్రేకర్లు అడుగును గీకవు. ఈ రెండు మెప్పులూ నూటికి నూరుపాళ్లు నిజం. కానీ ఎత్తు పెరిగితే మలుపుల్లో బండి ఒరుగుతుంది, ఒరగకుండా ఉండాలంటే సస్పెన్షన్ బిగించాలి, ఆ బిగింపు వెనక సీటుకు కుదుపుగా అందుతుంది. ‘రైడ్ బ్రహ్మాండం’ అని సాక్ష్యం చెప్పేది దాదాపు ఎప్పుడూ స్టీరింగ్ పట్టుకున్న మనిషే. వెనక కూర్చున్న అమ్మనో అత్తగారినో ఎవరూ అడగరు. ఎస్‌యూవీ అన్న పేరు చూసి బురదలోకి దిగేవాళ్ల సంగతీ అంతే. థార్, జిమ్నీ లాంటి కొన్ని మినహా ఈ నిడివిలో దొరికేవి చాలావరకు ముందు చక్రాలతో నడిచే మామూలు కార్లే. వానకు నానిన పొలం దారిలో చక్రాలు జారడం మొదలుపెడితే ఎంత ఎత్తున్నా ఒరిగేదేమీ లేదు.

ఇలా ప్రతిదానికీ దారిని, వాడకాన్ని కారణంగా చూపిస్తే కంపెనీలను వెనకేసుకొచ్చినట్టు కాదా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఏ దారిలో తిరిగినా మారని విషయాలు కొన్ని ఉన్నాయి. గుద్దుకున్నప్పుడు లోపలి మనుషులను కాపాడే గట్టిదనం అందులో మొదటిది. 2018 డిసెంబర్‌లో గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో నెక్సాన్ అయిదు నక్షత్రాలు తెచ్చుకున్నాకే మన కొనుగోలుదారు ఈ మాట అడగడం నేర్చాడు. 2023 అక్టోబర్ నుంచి భారత్ ఎన్‌క్యాప్ పేరుతో ఇక్కడే పరీక్షలు జరుగుతున్నాయి. డ్యాష్‌బోర్డు తెర మొరాయించడం, తలుపు రబ్బర్లు ఊడటం, విడిభాగాల కోసం వారాలు ఎదురుచూడటం కూడా ఈ కోవలోవే. వేర్వేరు ఊళ్లలో, వేర్వేరు దారుల్లో తిరిగేవాళ్లు ఒకే ఫిర్యాదు చేస్తుంటే దానికి కంపెనీయే జవాబు చెప్పాలి. దారినిబట్టి మారే ఫిర్యాదును పక్కన పెడితేనే ఇలాంటి అసలు లోపం బయటపడుతుంది.

యజమానుల మాటే నమ్మదగింది కాదన్నది మరో వాదన. పది పన్నెండు లక్షలు పోసి కొన్నది బాగోలేదని ఒప్పుకోవడానికి మనసు రాదు, ఒళ్లు మండినవాడు ఉన్నదానికి రెండింతలు చెబుతాడు. ఈ వాదనలో పస ఉంది. కానీ దీనికి కాలమే విరుగుడు. మూడు నెలల బండి గురించి చెప్పేది పెళ్లివారి ముచ్చట. మూడేళ్లు దాటిన బండి గురించి చెప్పేటప్పటికి టైర్లు, బ్యాటరీ, బ్రేక్ ప్యాడ్లు మారి ఉంటాయి, ట్రాఫిక్‌లో ఆటోమేటిక్ గేరుబాక్సు క్లచ్ ఎన్నాళ్లు నిలిచిందో తెలిసి ఉంటుంది, వారంటీ అయిపోయాక వచ్చిన బిల్లు చేతిలో ఉంటుంది. మైలేజీ కూడా తెరమీద కనిపించే అంకె కాకుండా, ట్యాంకు నిండా కొట్టించి, తిరిగి, మళ్లీ నిండా కొట్టించి లెక్కగట్టినదైతేనే పట్టించుకోవాలి.

అదే డబ్బుకు మంచి హ్యాచ్‌బ్యాక్ వస్తుంది కదా అనేవాళ్లతో నాకు సగం ఏకీభావమే. నున్నటి రోడ్లున్న ఊళ్లో ఇద్దరు పిల్లల కుటుంబానికి అదే మేలు. మైలేజీ ఎక్కువ, టైర్లు చవక. ధర పది లక్షలు దాటితే లైఫ్ ట్యాక్స్ రేటూ పెరుగుతుందని మరవకూడదు. ఇంట్లో పెద్దవాళ్లుండి, నెలకోసారైనా సొంతూరి గుంతల దారి పట్టేవాళ్లు మాత్రం కాంపాక్ట్ ఎస్‌యూవీకి పెట్టే అదనపు డబ్బు వృథా కాదు. కొనే ముందు మీలాంటి దారిలోనే మూడేళ్లు తిప్పినవాళ్లను ఇద్దరిని వెతికి, వాళ్ల సర్వీస్ బిల్లులు అడిగి చూడండి. టెస్ట్ డ్రైవ్‌కు పెద్దవాళ్లను తీసుకెళ్లి వెనక కూర్చోబెట్టండి, షోరూమ్ వాళ్లు చూపించే వెడల్పాటి రోడ్డు మీద కాకుండా మీరు రోజూ తిరిగే దారిలోనే నడపనివ్వమని పట్టుబట్టండి.