డెల్టా చిత్రశాలలకు తగిన గ్రాఫిక్స్ కార్డు

1995లో 'అమ్మోరు' చిత్రము వెలువడినప్పుడు, కంప్యూటరు కల్పించిన అద్భుతదృశ్యములను ఒక తెలుగు కథలో అంత విస్తారముగా చూచుట మన ప్రేక్షకులకు అదివరకెరుగని అనుభవమయ్యెను. ఆ చిత్రమునకు దర్శకులైన కోడి రామకృష్ణగారు పాలకొల్లువారే. ఐనను ఆ దృశ్యములకొరకు నిర్మాత శ్యామ్‌ప్రసాద్ రెడ్డిగారు లండనులోని నిపుణులను ఆశ్రయింపవలసివచ్చెను. 1936లో రాజమహేంద్రవరమున దుర్గా సినీటోన్ స్టూడియోను నెలకొల్పి, తెలుగు చిత్రమును గోదావరి గట్టుననే తీయసాహసించిన నిడమర్తి సూరయ్యగారి ఊరికి అరువది యేండ్లు గడచినను అట్టి సాధనసంపత్తి సమకూరలేదు. తరువాతి మార్పు మాత్రము వేగముగా వచ్చినది. కొవ్వూరు కుటుంబమునుండి వచ్చిన రాజమౌళిగారు 2012లో 'ఈగ'ను తీసినప్పుడు, ఆ చిన్నప్రాణికి తెరమీద రూపమును చలనమును కల్పించినది హైదరాబాదులోని మకుట సంస్థ. ఆ స్థాయి చిత్రములకు నేటికిని పెద్ద బృందములును వందల యంత్రములును కావలసినదే. కాని ఆ విద్యను అభ్యసించుటకు, చిన్న ప్రమాణములో ప్రయోగించుటకు వలసిన యంత్రము నేడు పాలకొల్లులోనో అమలాపురములోనో ఒక బల్లమీద ఇముడుచున్నది. దానికి ప్రాణము మధ్యశ్రేణి గ్రాఫిక్స్ కార్డు.

ఈ కార్డు చేయు పని యేమో మొదట గ్రహింపవలెను. సాధారణమైన ఫుల్ హెచ్‌డీ తెరపై అడ్డముగా 1,920, నిలువుగా 1,080 చొప్పున మొత్తము 20,73,600 పిక్సెళ్లుండును. ఆటలో బొమ్మ సాఫీగా కదలవలెనన్నచో, ప్రతి పిక్సెలు రంగును సెకనునకు 60 మారులు, అనగా సుమారు 12 కోట్ల 44 లక్షల రంగులను, ఒక్క సెకనులో నిర్ణయింపవలెను. కంప్యూటరులోని ప్రధాన ప్రాసెసరు మిక్కిలి సమర్థమైనదే యైనను, కొద్దిపాటి గణనకేంద్రములతో క్లిష్టమైన పనులను ఒకదానివెంట నొకటి చక్కబెట్టునట్టిది. గ్రాఫిక్స్ ప్రాసెసరో, తొలకరి వేళ మడిలో బారుగా నిలిచి ఏకకాలమున నాట్లు వేయు కూలిజనమువలె, వేలకొలది చిన్న కేంద్రములతో ఒకే విధమైన గణితమును ఒక్కసారిగా సాగించును. 2021లో వచ్చిన ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 3060 కార్డులో అట్టి కేంద్రములు 3,584 కలవు. ఆటలకొరకు పుట్టిన ఈ బలము 2007లో ఎన్‌విడియా తన 'కూడా' (CUDA) అను సాధనమును విడుదల చేసిన పిమ్మట ఇతర గణనములకును తెరువబడినది. అందువలననే పగలు వీడియో కూర్చి రాత్రి ఆటలాడుకొను యువకునికి రెండు కార్డులతో పనిలేకపోయినది.

మన ప్రాంతములో ఈ కార్డు ఎవరికి కావలెను? ఇంజనీరింగు విద్యార్థులకు, ఆటప్రియులకు కావలయునన్నది అందరికి తెలిసినదే. వారికన్న నిత్యము దీనిపై ఆధారపడి బ్రతుకుచున్నవారు పెండ్లి ఫోటోస్టూడియోలవారు. మాఘమాసము వచ్చినదనగా ఆల్బమ్ డిజైనింగు, వీడియో మిక్సింగు చేయువారికి నిదుర ఉండదు. డ్రోను దృశ్యములు, నాలుగు కెమెరాల రికార్డింగు, హైలైట్స్, ప్రీవెడ్డింగు పాట, వీటినన్నిటిని గడువులోగా అందింపవలసినవారికి యంత్రము వేగమే జీవనాధారము. దురదృష్టవశమున దుకాణములలో వీరికి ఎక్కువగా చెప్పబడునవి ఆటల లెక్కలు మాత్రమే.

నా దృఢమైన అభిప్రాయము, సృజనాత్మకమైన పనికి కార్డు కొనువారు మొదట చూడవలసినది వేగము కాదు, కార్డులోని వీడియో మెమరీ. ఉదాహరణకు, ద్రాక్షారామ భీమేశ్వరాలయమును బ్లెండరు సాఫ్ట్‌వేరులో మూడు పరిమాణములలో నిర్మింపగోరిన విద్యార్థి నొకని భావింపుడు. రాతిగోడకు, స్తంభమునకు, ప్రాకారమునకు వేరువేరుగా తీసిన ఛాయాచిత్రములను ఆతడు ఉపరితలములపై పొదుగును. 4,096 పిక్సెళ్ల చదరపు చిత్రమొకటి, పిక్సెలునకు నాలుగు బైట్ల చొప్పున, మెమరీలో 64 మెగాబైట్ల స్థలము నాక్రమించును. అట్టివి 128 చేరినంతనే 8 గిగాబైట్లు నిండిపోవును. ఆలయముయొక్క ఆకృతికి, వెలుగునీడల గణనమునకు చోటుండదు. అప్పుడు కంప్యూటరు తన సాధారణ మెమరీని ఆశ్రయించును, పని మందగించును, ఒక్కొక్కప్పుడు రెండర్ నడుమనే నిలిచిపోవును. వేగము తక్కువైన కార్డు ఆలస్యముగా నైనను పని పూర్తిచేయును. మెమరీ చాలని కార్డునకు ఆ పని చేతనే కాకపోవచ్చును.

ఈ దృష్టితో చూచినచో, 2023లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 4060 కొత్తదియు, వేగవంతమైనదియు, 115 వాట్లతో తృప్తిపడునదియు నైనను, దానిలోని 8 గిగాబైట్లకంటె పాత 3060లోని 12 గిగాబైట్లే పెద్ద దృశ్యములు కూర్చువానికి మేలనిపించుటలో వింతలేదు. 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 5060 టీఐ, ఏఎమ్‌డీ వారి ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ, ఈ రెండును 8 గిగాబైట్లతోడను 16 గిగాబైట్లతోడను లభించుచున్నవి. పేరొక్కటే యగుటచే కొనువాడు పెట్టెమీది సంఖ్యను స్వయముగా చదువుకొనవలెను. 2024 డిసెంబరులో వచ్చిన ఇంటెల్ ఆర్క్ బీ580 తక్కువ ధరకే 12 గిగాబైట్లనిచ్చుట ప్రశంసార్హము. ఐనను బ్లెండరు వంటి సాఫ్ట్‌వేరులలో ఎన్‌విడియా కార్డులకు దీర్ఘకాలముగా లభించుచున్న ప్రత్యేకమైన ఆదరణ వలన, త్రీడీయే వృత్తిగా నెంచువారిని నేను ఆ వైపునకే త్రిప్పుదును. కేవలము ఆటలకే యైనచో, అదే ధనమునకు ఎక్కువ మెమరీనిచ్చు తక్కిన రెండింటిని నిస్సంకోచముగా పరిశీలింపవచ్చును.

పెండ్లి వీడియోల విషయములో వేరొక సూక్ష్మమున్నది. నేటి మంచి కెమెరాలు రంగుల వివరమును నిలుపుటకు 10 బిట్ 4:2:2 పద్ధతిలో రికార్డు చేయగలవు. దానిని విప్పిచూపు ప్రత్యేక వలయము ఎన్‌విడియా కార్డులలో 50 శ్రేణితోగాని రాలేదు. ఇంటెల్ వారి 11వ తరము మొదలుకొని గ్రాఫిక్స్ కలిగిన ప్రాసెసర్లలో మాత్రము అంతకుముందే ఉన్నది. కావుననే ఖరీదైన 40 శ్రేణి కార్డు కొన్నవాని టైమ్‌లైను తడబడుచుండగా, ప్రక్క స్టూడియోలోని సామాన్యమైన యంత్రముపై అదే ఫుటేజి సాఫీగా నడచుట సంభవించును. తన కెమెరా ఏ పద్ధతిలో వ్రాయుచున్నదో తెలిసికొనకుండ కార్డు నిర్ణయించుకొనుట తగదు.

ఆటల సంగతి సంక్షేపముగా చెప్పవచ్చును. ఫుల్ హెచ్‌డీ తెరకు ఈ శ్రేణిలోని ఏ కార్డైనను చాలును. 1440 తెరకు 12 గిగాబైట్లకు తగ్గకుండుట మంచిది. చిన్న చిత్రమును గీచి పెద్దదిగా మలచు డీఎల్‌ఎస్‌ఎస్, ఎఫ్‌ఎస్‌ఆర్ వంటి ఉపాయములు ఈ కార్డుల ఆయుర్దాయమును రెండు మూడు సంవత్సరములు పొడిగించుచున్నవి.

ఇక మన వాతావరణము. గది ఉష్ణోగ్రత 25 డిగ్రీలనుండి 40 డిగ్రీలకు పెరిగినచో, అదే పనిలో, ఫ్యానులు అదే వేగముతో తిరుగుచుండగా, చిప్పు వేడియు దాదాపు ఆ 15 డిగ్రీలు పెరుగును. పరిమితి మీరునంతలో కార్డు తన వేగమును తానే తగ్గించుకొనును. రోహిణీకార్తెలో రాజమహేంద్రవరమునందు మేడమీది గదిలో రెండర్ చేయువానికి 180 వాట్ల కార్డుకంటె 115 వాట్లది నెమ్మదినిచ్చుట ఇందువలననే. గాలి ధారాళముగా ఆడు కేబినెట్టు, నెలకొకమారు దుమ్ము దులుపుట, సముద్రము చేరువనున్న కాకినాడ, నరసాపురము వంటి తావులలో ఉప్పుగాలి తగులకుండ కిటికీకి దూరముగా నుంచుట, ఇవి ధనవ్యయములేని రక్షణలు. విద్యుత్తు విషయములో మాత్రము పొదుపు పనికిరాదు: కేబినెట్టుతో ఉచితముగా వచ్చిన పవర్ సప్లైను నమ్మి ముప్పదివేల కార్డును దానికి తగిలించుట తగదు. గోడప్లగ్గునకు సరియైన ఎర్తింగు ఉండవలెను. ఇండ్లలో సాధారణముగా కనబడు 600 వీఏ యూపీఎస్‌లు సుమారు 360 వాట్లే భరించును. పూర్తిగా పనిచేయుచున్న యంత్రము దానిని సులభముగా సమీపించును గనుక, 1,000 వీఏకు తగ్గనిది తీసికొనవలెను.

పాత కార్డులను కొనువారికి ఒక మాట. 2022 సెప్టెంబరులో ఇథీరియమ్ అను డిజిటల్ నాణెము గ్రాఫిక్స్ కార్డులతో గణించు పద్ధతిని విడిచిపెట్టినందున, అదివరకు నెలల తరబడి విరామము లేకుండ అందులో శ్రమించిన కార్డులు బజారునకు వచ్చినవి. వాటిలో మంచివి లేకపోలేదు. కాని ఫ్యానుల బేరింగులు అరిగి, వేడిని తరలించు పేస్టు ఎండిపోయి యుండవచ్చును. కొనుటకు ముందు బ్లెండరులోనో భారీ ఆటలోనో అరగంటసేపు పూర్తి భారముతో నడిపించి, ఉష్ణోగ్రత నిలకడగా నున్నదా, తెరమీద చుక్కలుగాని చారలుగాని పుట్టుచున్నవా యని చూడవలెను. ఆ పరీక్షకు అంగీకరింపని అమ్మకందారునివద్ద ధర ఎంత తగ్గినను కొనరాదు.