సాలీడు పాకితే పొక్కులొస్తాయా? నిమ్మాడ చేలల్లో తిరిగే ఎనిమిది కాళ్ల జీవి సంగతులు

ఒంటి మీద ఒక పక్కగా మంట పుట్టి నీటి పొక్కులు లేచాయంటే మన ఊళ్లలో ముందుగా వినపడే మాట 'సాలీడు పాకింది'. ఉర్దూ మాట్లాడే ఇళ్లలోనూ నమ్మకం ఇదే, మాటే వేరు. 'మకడీ మల్ గయీ' అంటారు. ఆ తర్వాత ఆకు పసరు పూస్తారు, లేదంటే మంత్రం వేయిస్తారు. రెండు మూడు రోజులు అలా గడిచిపోతాయి. అసలు నష్టం జరిగేది ఆ రెండు మూడు రోజుల్లోనే.

ఎందుకంటే ఆ పొక్కుల్లో చాలావాటికి సాలీడుతో సంబంధమే లేదు. నడుం చుట్టూనో ఛాతీ మీదో ఒకే పక్కన పట్టీలా వచ్చేది ఎక్కువగా సర్పి. డాక్టర్లు హెర్పిస్ జోస్టర్ అంటారు. చిన్నప్పుడు ఆటలమ్మ పోసి తగ్గిపోయినా ఆ వైరస్ ఒంట్లోంచి పోదు. నరాల మొదళ్లలో ఏళ్ల తరబడి నిద్రపోయి, వయసు మళ్లాకో ఒంట్లో శక్తి తగ్గాకో ఆ నరం వెంబడే బయటికి వస్తుంది. దీనికి మాత్రలున్నాయి. కానీ పొక్కులు కనపడిన 72 గంటల్లోపు మొదలుపెడితేనే అవి బాగా పనిచేస్తాయి. ఆలస్యమైతే పొక్కులు మానినా, నరం సలుపు నెలల తరబడి వదలకపోవచ్చు. వయసు పైబడిన వాళ్లకు ఆ బాధ మరీ ఎక్కువ. కంటి దగ్గర వస్తే అసలు ఆగకూడదు, చూపుకే ముప్పు.

రెండో దోషి ఒక చిన్న పురుగు. పేరు పెడెరస్. చీమ కంటే కాస్త పొడవుగా, సన్నగా, నారింజ రంగు ఒంటి మీద నలుపు పట్టీలతో ఉంటుంది. వరి చేలల్లో బతుకుతుంది, వానాకాలం రాత్రుళ్లు లైటు వెలుగుకి ఇళ్లలోకి వస్తుంది. అది కుట్టదు, కరవదు. మెడ మీద పాకుతుంటే మనమే చేత్తో నలిపేస్తాం. దాని ఒంట్లోని రసం చర్మానికి అంటుకుని, మర్నాడో ఆ మర్నాడో గీత గీసినట్టు ఎర్రగా కాలి పొక్కులు లేస్తాయి. పురుగు అప్పటికే పోయి ఉంటుంది. గోడ మూల సాలీడు మాత్రం కనిపిస్తుంది, నింద దాని మీద పడుతుంది. ఒంటి మీద ఇలాంటి పురుగు వాలితే నలపకుండా ఊదేయాలి. నలిగితే వెంటనే సబ్బుతో కడుక్కోవాలి, ఆ చేత్తో కళ్లు ముట్టుకోకూడదు.

సాలీడు ఉచ్చ పోస్తే పుండు పడుతుందన్న మాటా నిలవదు. అది విసర్జించేది దాదాపు గట్టిగా ఉండే తెల్లటి పదార్థం, ఒంటిని కాల్చే గుణం దానికి లేదు. సాలీడు విషమంతా నోటి దగ్గరి రెండు కోరల్లో ఉంటుంది. పాకితే రాదు, కరిస్తేనే దిగుతుంది. ఇంట్లో తిరిగే సాలీళ్లలో చాలావాటి కోరలు మన చర్మంలోకి దిగేంత బలమైనవి కావు. మరి నిజంగా బాధపెట్టేవి లేవా? ఉన్నాయి. అనంతపురం జిల్లా గుత్తి రైల్వే యార్డులో దొరికిన నీలం రంగు పెద్ద సాలీడు గురించి పోకాక్ అనే శాస్త్రవేత్త 1899లో రాశాడు. ఆ తర్వాత నూరేళ్లకు పైగా అది ఎవరి కంటా పడలేదు. 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో మళ్లీ కనపడింది. దాని జాతివి కరిస్తే నొప్పి గట్టిగానే ఉంటుంది, కండరాలు పట్టేస్తాయి. అవి చెట్టు తొర్రల్లో దాక్కునేవి, ఇళ్ల జోలికి రావు. ఏ సాలీడు కరిచినా ఒళ్లు పట్టేయడం, ఊపిరాడకపోవడం ఉంటే మాత్రం మంత్రం కోసం చూడక టెక్కలి పెద్దాసుపత్రికి పోవాల్సిందే.

ఇంతకీ సాలెపురుగు అంటాం గానీ అది పురుగు కాదు. పురుగులకు ఆరు కాళ్లు, మూడు భాగాల ఒళ్లు, తల మీద మీసాలు ఉంటాయి. సాలీడుకి ఎనిమిది కాళ్లు, ఒళ్లు రెండే భాగాలు, మీసాల్లేవు, రెక్కలు అసలే లేవు. తేళ్లు, పశువులకు పట్టే గోమార్లు దీని చుట్టాలు. చాలావాటికి ఎనిమిది కళ్లుంటాయి, అయినా గూడు కట్టే రకాలకు చూపు అంతంతమాత్రమే. కాళ్ల మీది సన్నటి వెంట్రుకలే వాటికి చెవులు. దగ్గర్లో ఈగ రెక్క ఆడించినా ఆ గాలి కదలిక తెలిసిపోతుంది.

చచ్చిన సాలీడు కాళ్లన్నీ లోపలికి ముడుచుకుని ఉండటం అందరూ చూసే ఉంటారు. కారణం తమాషాగా ఉంటుంది. దాని కాళ్లలో కొన్ని ముఖ్యమైన కీళ్లకు ముడిచే కండరాలే ఉన్నాయి, చాచే కండరాల్లేవు. ఒంట్లోని నెత్తుటిని ఒత్తిడితో కాళ్లలోకి తోసి వాటిని చాస్తుంది. జేసీబీ చెయ్యి ఆయిల్ ఒత్తిడితో లేచినట్టే అనుకోవచ్చు. ప్రాణం పోగానే ఒత్తిడి పోతుంది, కాళ్లు ముడుచుకుంటాయి. ఆ నెత్తురు కూడా ఎర్రగా ఉండదు. మనకు ఇనుము ఉన్నచోట దానికి రాగి ఉంది కాబట్టి నీలి ఛాయలో ఉంటుంది. తిండి నమిలే పళ్లు లేవు. పట్టిన పురుగు మీదికి జీర్ణరసం వదిలి, మెత్తబడ్డాక జుర్రుకుంటుంది.

'సాలె' అంటే నేత నేసేవాడు. పొందూరు ఖద్దరు పుట్టిన జిల్లాకి ఈ పేరు వివరించి చెప్పాల్సిన పని లేదు. కాకపోతే మనిషికి నూలు బయట దొరకాలి, సాలీడుకి కడుపులోనే ఉంది. పొట్ట చివర చిన్న చిన్న గొట్టాల్లోంచి ద్రవంగా వచ్చి, లాగేకొద్దీ దారంగా గట్టిపడుతుంది. గుండ్రటి గూడులో నడిమధ్య నుంచి బయటికి పోయే పోగులకు జిగురుండదు, చుట్టూ తిరిగే పోగులకే ఉంటుంది. జిగురు తగ్గిపోతే పాత గూడు తానే తినేసి కొత్తది నేస్తుంది, సరుకు వృథా పోనివ్వదు. ఖురాన్‌లో 29వ సూరా పేరు అల్-అన్‌కబూత్, అంటే సాలీడు. ఇళ్లన్నిటిలోకీ బలహీనమైన ఇంటికి అక్కడ సాలీడు ఇల్లే ఉపమానం. శ్రీకాళహస్తి పేరులోని 'శ్రీ' కూడా సాలీడేనని స్థలపురాణం చెబుతుంది. బరువుకు బరువు తూచి చూస్తే ఆ దారం ఉక్కు కంటే గట్టిది. చీపురు తగిలితే మాత్రం ఆ ఇల్లు నిలవదు.

అన్ని సాలీళ్లూ గూడు కట్టవు. గోడ మీద అరచేయంత వెడల్పున కాళ్లు చాపి, పొట్ట కింద రూపాయి బిళ్ల లాంటి తెల్లటి గుడ్ల సంచి మోసుకు తిరిగేది బొద్దింకల్ని వేటాడుతుంది. ఉద్దానం జీడితోటల్లాంటి చోట్ల ఆకులు కలిపి గూళ్లు కట్టే ఎర్రచీమలు ఉంటాయి కదా, వాటి వేషం వేసే సాలీడు ఒకటి ఉంది. ముందు కాళ్లు రెండూ ఎత్తి మీసాల్లా ఆడిస్తూ చీమలాగే నడుస్తుంది. చీమలంటే భయపడే పక్షులు, పురుగులు దాని జోలికీ రావు.

నిమ్మాడ రైతుకి ఎక్కువగా పనికొచ్చేది మాత్రం వరి చేలోది. దుబ్బుల మొదట్లో నీటి మీద పరుగెత్తే గోధుమరంగు సాలీడు, ఇంగ్లీషులో తోడేలు సాలీడు అంటారు. తల్లి గుడ్ల సంచిని వెనక తగిలించుకుని తిరుగుతుంది, పిల్లలు పుట్టాక వీపు మీద ఎక్కించుకుంటుంది. రోజుకి 5 నుంచి 15 పురుగుల్ని తింటుంది. అందులో సుడిదోమ ముఖ్యం. వరిని గుండ్రంగా మాడ్చేసే దోమపోటు దానివల్లే వస్తుంది.

తేడా కొట్టేది మందు దగ్గరే. సుడిదోమ గుడ్లు వరి కాండం పొరల్లో ఉంటాయి, పైన కొట్టిన మందు వాటికి అందదు. నేల మీద తిరిగే సాలీడుకి మాత్రం తగులుతుంది. వారం పది రోజుల్లో గుడ్లు పిగిలి పిల్లలు బయటికి వస్తాయి, తినే జీవి అప్పటికి చేలో ఉండదు. దోమ మొదటికంటే ఎక్కువవుతుంది, రైతు మళ్లీ మందు కొంటాడు. ఇండోనేషియాలో ఈ చక్రం దేశమంతా తిరిగింది. చివరికి 1986లో వరి మీద 57 రకాల పురుగుమందుల్ని అక్కడి ప్రభుత్వం ఆపేసింది.

మందే వద్దని కాదు. దుబ్బులు తట్టి చూడాలి. పిలకల దశలో దుబ్బుకి 10, 15 దోమలు దాటితేనే మందు. అదీ సాలీళ్లను ఎక్కువగా చంపని రకం అడిగి తెచ్చుకుని, దుబ్బు మొదట్లో పడేలా కొట్టాలి. నాటేటప్పుడే ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట వదలాలి. యూరియా అదేపనిగా వేయకూడదు. దోమ కనపడితే నీరు తీసి చేను ఆరబెట్టాలి. కోతలయ్యాక గట్ల మీద అక్కడక్కడా చిన్న చిన్న గడ్డి కట్టలు వదిలితే సాలీళ్లు వాటిలో తలదాచుకుని తర్వాతి పంట నాటగానే చేలోకి దిగుతాయి.