చిగుళ్ళ నెత్తురుకు బిళ్ళలే మందా?

పళ్ళు తోముకునేటప్పుడు ఉమ్మిలో నెత్తురు కనిపించగానే చాలామంది మందుల షాపుకు వెళ్ళి సి విటమిన్ బిళ్ళలు తెచ్చుకుంటారు. నెల తిరిగేసరికి సీసా ఖాళీ అవుతుంది. నెత్తురు మాత్రం ఆగదు. ఎందుచేత?

సి విటమిన్ బొత్తిగా లోపిస్తే చిగుళ్ళు వాచి నెత్తురు కారే మాట నిజమే. ఆ జబ్బు పేరు స్కర్వీ. 1747లో జేమ్స్ లిండ్ అనే ఓడ వైద్యుడు 12 మంది రోగులకు ఇద్దరేసి చొప్పున వేర్వేరు చికిత్సలు చేశాడు. నారింజ, నిమ్మపళ్ళు తిన్న ఇద్దరూ అందరికన్నా త్వరగా కోలుకున్నారు. కాని వాళ్ళు వారాల తరబడి తాజా కూరగాయ ఎరుగని నావికులు. కూరలు, పళ్ళు తినే ఇళ్ళలో స్కర్వీ అరుదు.

మనలో ఎక్కువమందికి అసలు కారణం పంటి మొదట్లో పేరుకునే పాచి. అందులోని సూక్ష్మజీవుల వల్ల చిగురు వాస్తుంది. పాచి గట్టిపడితే గార అవుతుంది. గారను ఏ బిళ్ళా కరిగించలేదు, బ్రష్షూ తీయలేదు. దంతవైద్యుడే తీయాలి. "గార తీయిస్తే పళ్ళు కదులుతాయి" అన్నది అపోహ. వదిలేస్తేనే చిగురు కింది ఎముక అరిగి పళ్ళు కదులుతాయి.

సి విటమిన్ రోజుకు మగవారికి 80, ఆడవారికి 65 మిల్లీగ్రాములు చాలునని భారత వైద్య పరిశోధన మండలి 2020లో సూచించింది. 100 గ్రాముల జామకాయలో సుమారు 200 ఉంటుంది. బిళ్ళలో సాధారణంగా 500. ఎక్కువైనదంతా మూత్రంలో పోతుంది. అతిగా వాడితే కొందరికి మూత్రపిండాల్లో రాళ్ళు ఏర్పడవచ్చు. రోజూ చప్పరిస్తే ఆ పులుపుకు పంటి పైపొర కరుగుతుంది. నెత్తురు పలచబడే మందు వాడేవారు డాక్టరును అడగకుండా ఇ విటమిన్, చేపనూనె గుళికలు వేసుకోకూడదు. నెత్తురు మరింత పడవచ్చు.

నెత్తురు వస్తోందని తోముకోవడం మానకండి. మెత్తని బ్రష్షుతో రెండు పూటలా రెండేసి నిమిషాలు తోమండి. పొగాకు మానండి. రెండు వారాల్లో తగ్గకపోతే దంతవైద్యునికి చూపించండి, రక్తంలో చక్కెర పరీక్ష కూడా చేయించండి. మధుమేహం ఉన్నవారికి చిగుళ్ళ జబ్బు త్వరగా ముదురుతుంది. ఫిట్స్‌కు, రక్తపోటుకు వాడే కొన్ని మందుల వల్లా చిగుళ్ళు ఉబ్బుతాయి. అలాగని వాటిని మీ అంతట మీరు మానకండి. గర్భిణులకు నెత్తురు పడటం మామూలే అయినా ఒకసారి చూపించుకోవాలి.

నెత్తురుతోపాటు ఒంటిమీద ఎర్రని మచ్చలు, విడవని జ్వరం ఉంటే మాత్రం ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళండి. రక్తానికి సంబంధించిన జబ్బులు ఒక్కొక్కప్పుడు ఇలాగే బయటపడతాయి. అప్పుడు బిళ్ళలు మింగుతూ కూర్చుంటే విలువైన కాలం చేజారిపోతుంది.